వేదవతి కూర్చునే సీటు

ఆ శనివారం పొద్దున్న పట్టాభి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి భార్య వేదవతిని చంపాపేట్‌లో గుడి దగ్గర విష్ణు సహస్రనామ పారాయణానికి దింపాలి. అక్కణ్ణించి కారుని కర్మన్‌ఘాట్‌లో సీట్లు కుట్టే జానయ్య దగ్గరికి తీసుకెళ్లి, చిరిగిపోయిన ఎడమవైపు ముందు సీటు బాగు చేయించాలి. ఒంటిగంటకు పారాయణం ముగిసి ప్రసాదం పెట్టేలోగా తిరిగొచ్చి, గుడి ముందు కారాపి, ఆ ముందు తలుపు తన చేత్తో తెరిచి పట్టుకోవాలి. ఆవిడ ఎక్కి పక్కన కూర్చోవాలి. అంతే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతూ, పెళ్లిరోజుకి కూడా సెలవు అడగని మనిషి ఈ కాస్త కోరిక కోసం ఆ రోజు సెలవు పెట్టాడు.

కోరిక చిన్నదే గాని దాని వయసు ఎనిమిది నెలలు. పట్టాభి కారుకి పద్దెనిమిదేళ్లు. ఒక రిటైర్డు డాక్టరు దగ్గర కొన్నాడు. ఆ కారులో చెప్పుకోదగ్గ గొప్ప ఒక్కటే, బిస్కట్ రంగు అసలు తోలు సీట్లు. ఎండకీ వయసుకీ ఆ తోలు బీటలిచ్చి, ఎడమ సీటు అంచున జానెడు మేర చిరిగింది. చిరిగిన చోట తోలు ఎండిపోయి చెక్కలా లేచి నిలబడింది. వనస్థలిపురంలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లినప్పుడు, వేదవతి కారు దిగుతుంటే ఉప్పాడ పట్టుచీర దానికి పట్టుకుని పర్రున చిరిగింది. పట్టాభి కంగారుగా దిగి ఏదో అన్నాడు. ఏమన్నాడో అతనికిప్పుడు గుర్తులేదు. ఆవిడకి గుర్తుంది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో వేదవతి వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే అలవాటైంది.

గొడవ పడితే బాగుండేది. గొడవకి ఒక ముగింపు ఉంటుంది. వేదవతి మామూలుగానే మాట్లాడేది, మామూలుగానే నవ్వేది, కాని వెనక కూర్చుని. పట్టాభికి పక్కన ఖాళీ సీటు, దానిమీద ఒక నీళ్ల సీసా. ఇదివరకు ఎర్ర లైటు పడగానే ఆవిడ బత్తాయి వలిచి తొన తీసి అతని అరచేతిలో పెట్టేది. బస్సు అడ్డం వస్తే తన కాళ్ల దగ్గర లేని బ్రేకుని గట్టిగా తొక్కేది. "పచ్చ పడింది, పోనివ్వండి" అని అతనికన్నా ముందు చెప్పేది. అప్పట్లో ఆ మాటకి విసుక్కునేవాడు. ఇప్పుడు పచ్చ లైటు పడితే పక్కకి చూసి, ఎవరూ చెప్పరని గుర్తొచ్చి, వెనకవాళ్లు హారన్లు కొట్టాక కదిలేవాడు. అద్దాన్ని ఆవిడ మొహం కనబడేలా తిప్పుకున్నాడు. అందువల్ల వెనకొచ్చే బళ్లేవీ కనబడవు గాని, వాటిని చూడాలని అతనికి పెద్దగా ఆశ కూడా లేదు.

లోకం చేసిన అవమానాలు వేరే ఉన్నాయి. తుర్కయంజాల్‌లో ఒక ఫంక్షన్ హాలు ముందు వేదవతిని దింపి, కారు పెట్టి వస్తే, గేటు దగ్గర ఒకతను ఆపి "డ్రైవర్లకు భోజనాలు గటు దిక్కు" అని టోకెన్ చేతిలో పెట్టాడు. మూడు నెలల కిందట కొత్తపేట సిగ్నల్ దగ్గర గీత దాటి ఆగినందుకు ఫోటోతో సహా ఫోన్‌కి చలాన్ వచ్చింది. ముందు పట్టాభి ఒక్కడూ, వెనక కలెక్టరమ్మలా వేదవతి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "అచ్చం డ్రైవర్‌లా ఉన్నారండీ ఇందులో" అంది. నవ్వుతూనే అంది. ఆ రాత్రి పట్టాభికి చపాతీలు సయించలేదు. సీటు బాగు చేయించాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. ముందే చెబితే పస ఉండదు, తలుపు తెరిచి చూపిస్తేనే బాగుంటుందని గుట్టుగా ఉంచాడు. పట్టాభి కష్టాలన్నీ ఈ గుట్టులోంచే పుట్టాయి.

జానయ్య దేవరకొండ వైపు నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో ముప్పై ఏళ్లుగా సీట్లు కుడుతున్నాడు. చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు. నాలుగు బోల్టులు విప్పి పది నిమిషాల్లో సీటు బయట పెట్టాడు. తోలుని పట్టి ఉంచిన ఇనప రింగులు ఊడదీసి ఒలిచాడు. లోపల స్పాంజి పసుపుపచ్చటి పొడై కింద రాలింది.

"తోలుది ఏం లేదు సార్, గది నేను సూస్కుంట. లోపల సూడున్రి, పిండి పిండి అయ్యింది. గిదంత కొత్తది ఎయ్యాలె" అన్నాడు జానయ్య.

"వేసెయ్యండి మరి. ఒంటిగంటకల్లా అయిపోవాలి."

"అయితది గని, గీ సీట్ల ఎవలు కూసుంటరు?"

"మా ఆవిడ."

"బర్వు ఎంత?"

పట్టాభి బిత్తరపోయాడు. ముప్పై మూడేళ్ల కాపురంలో ఆ ప్రశ్న అతనికెప్పుడూ ఎదురవలేదు.

"బరువెందుకండీ? అందరికీ వేసేదే వెయ్యండి."

జానయ్య సుద్దముక్క తీసి చేత్తో పట్టుకున్నాడు. అది అతనికి కోపం వచ్చిందనడానికి గుర్తు. "అందర్కి ఏసేది బస్సుల ఏస్తరు సార్. మనిషి బర్వు తెల్వకుంట నేను ఫోమ్ కొయ్య. మెత్తది ఏస్తె నడుం కుంగుతది, గట్టిది ఏస్తె తొడలు గుంజుతయి. రెండు దినాలకే అమ్మ నన్ను తిట్టుకుంట వెనుకకు పోయి కూసుంటది. గట్ల గావాల్నా మీకు?"

వెనక్కి పోయి కూర్చుంటుందన్న మాట పట్టాభికి సూటిగా తగిలింది. వద్దు, వద్దు అని తల ఊపాడు. లెక్కల మాస్టారు కదా, లెక్క కట్టి చెప్పాలనుకున్నాడు. తమ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఆరుగురికి నాలుగువందల ఎనిమిది కిలోలని రాసి ఉంటుంది. ఉగాది నాడు అయిదుగురు ఎక్కితే గంట మోగింది. వేదవతి దిగితే ఆగింది. ఆవిణ్ణి ఎక్కించి పై అంతస్తు ప్రసన్నకుమార్ దిగినా ఆగింది. పట్టాభి దుకాణం గోడమీద సుద్దతో ఇవన్నీ రాసి, గీతలు గీసి, చివరికి చెప్పాడు.

"యాభై ఎనిమిదికి తక్కువ కాదు. తొంభై ఒకటికి ఎక్కువ కాదు."

జానయ్య గోడ వంక కాసేపు చూశాడు. "గంత తేడాల ఇద్దరు మనుషులు పడ్తరు సార్. అమ్మకే ఫోన్ కొట్టున్రి."

వేరే దారి లేదు. దుకాణంలో అప్పుడే తోలు అతికించే సొల్యూషన్ డబ్బా తెరిచి ఉంది. ఆ ఘాటుకి పట్టాభి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, గొంతు జీరపోయింది. అలాంటి గొంతుతోనే భార్యకి ఫోన్ చేశాడు. పారాయణంలో రెండో ఆవృత్తి ముగిసి ఆడవాళ్లంతా మంచినీళ్లు తాగుతున్నారు. వేదవతి చేతిలో పూలబుట్ట ఉండటంతో ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"వేదా, నీ బరువెంత?"

వేదవతి బుట్టలో పూలు సర్దడం ఆపింది.

"ఎందుకూ?"

"ఊరికేనే."

"ఊరికే ఎవరైనా బరువడుగుతారుటండీ? ఏవిటా గొంతు? ఏడుస్తున్నారా?"

"అబ్బే, ఏడుపేమిటి. నువ్వు చెప్పు, కాస్త తొందరగా. కచ్చితంగా కావాలి. కిలో అటూ ఇటూ అయినా చేసినదంతా వృథా."

"నేనెప్పుడు చూసుకున్నానని? ఏడాదైంది. అసలు విషయం ఏవిటో చెప్పండి."

పట్టాభి బుర్రలో అప్పుడొక మెరుపు మెరిసింది. అది మెరవకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పోయిన వారం వేదవతికి కళ్లు తిరిగితే డాక్టరు రక్తపరీక్షలు రాశాడు. అక్కడ నర్సు తూకం తనే చూసి చీటీ మీద రాసుకుంది, ఆ చీటీ రిపోర్టుల కవర్లోనే ఉంది కదా! "పోనీలే, నీ రిపోర్టులున్నాయిగా, అందులో చూస్తా" అన్నాడు ఉత్సాహంగా.

"రిపోర్టులొచ్చాయా? ఎప్పుడొచ్చాయి? నాకు చెప్పలేదే?"

పట్టాభి నాలుక కరుచుకున్నాడు. రిపోర్టులు గురువారమే వచ్చాయి. అంతా మామూలుగానే ఉందని ల్యాబులో చెప్పారు. అదేరోజు జానయ్య ఖాళీగా ఉన్నానని చెప్పడంతో, ఆ సంబరంలో రిపోర్టుల సంగతి ఇంట్లో చెప్పడం మరిచేపోయాడు. కవరు ఎక్కడ పెట్టాడో కూడా తోచలేదు. వచ్చాయని రెండు రోజులు దాచినట్టు ఒప్పుకోవడం కన్నా మాట మార్చడం మేలనిపించింది.

"అదేం లేదులే. నువ్వు అనవసరంగా ఏదీ మనసులో పెట్టుకోకు. అంతా మంచే జరుగుతుంది" అని, సొల్యూషన్ ఘాటుకి ఒక్కసారి వెక్కి, ఫోన్ పెట్టేశాడు.

అవతల ఏం జరిగిందో పట్టాభి తర్వాత ఒక్కొక్కరి దగ్గరా విని అతికించుకున్నాడు. ఫోన్ మాటలు ఇరవై ఇద్దరు ఆడవాళ్లు విన్నారు. పారాయణ బృందానికి పెద్ద శేషారత్నం. గుంటూరు వైపు ఒక బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరై, ఇప్పటికీ తను చెప్పేది అందరూ రాసుకుంటున్నారన్న నమ్మకంతో మాట్లాడుతుంది.

"చూడు వేదవతీ, ఒక మొగాడు పెళ్లాం బరువు కిలోతో సహా కచ్చితంగా కావాలని అడిగాడంటే దానికి ఒక్కటే కారణం. తులాభారం మొక్కుకున్నాడు. అందుకే కిలో తగ్గినా వృథా అన్నాడు" అంది.

"ఆయనకి మొక్కులేవిటండీ? గుళ్లోకొస్తే ప్రసాదం లైన్లో తప్ప నిలబడరు."

"అలాంటి మనిషి మొక్కుకున్నాడంటే మరి రిపోర్టుల్లో ఏమొచ్చిందో నువ్వే ఆలోచించుకో" అని శేషారత్నం వేదవతి భుజమ్మీద చెయ్యి వేసింది.

వేదవతి అక్కడే కూలబడింది. గుడికి ఎదురుగా కిరాణా దుకాణం నడిపే అండాలమ్మ కూడా ఆ బృందంలోదే. నల్గొండ జిల్లా మనిషి, ఏడుపు చూస్తూ ఊరుకోలేదు. "ఏడ్వకు వేదక్కా. మా దిక్కు పానం బాగలేకుంటే మనిషి ఎత్తు బెల్లం మొక్కుతరు. మొక్కు తీరినంక ఏ రోగం నిలువది. సారు పాపం ఒక్కడే పరేషాన్ అయితుండు. మనమే తక్కెడల జోకేద్దాం. బెల్లం నా దుకాణంల ఉన్నది" అంది. గుడి మంటపంలో మూలన తులాభారం తక్కెడ గొలుసులతో సహా ఉండనే ఉంది. పూజారిగారు శనివారం మంచిదేనన్నారు. పావుగంటలో బెల్లం దిమ్మలు రోడ్డు దాటాయి.

ఇక్కడ పట్టాభి కారంతా వెతికి కవరు కనబడక, జానయ్య ముందు నిలబడి నీళ్లు నములుతున్నాడు. అప్పుడు శేషారత్నం ఫోన్ చేసింది.

"పట్టాభిగారూ, మీరేం దిగులు పెట్టుకోకండి. మాకంతా తెలిసింది. వేదవతిని కూర్చోబెట్టాం. ఏడుస్తోంది గాని పర్వాలేదు. మీరు వెంటనే రండి" అని, జవాబు వినకుండా పెట్టేసింది.

పట్టాభి తన లెక్క తను వేసుకున్నాడు. కూర్చోబెట్టారంటే పడిపోయిందన్నమాట. మళ్లీ కళ్లు తిరిగాయన్నమాట. తనకి చెప్పకుండా ఎన్నిసార్లు తిరిగాయో! తాళాలు తీసుకుని కారు వైపు పరుగెత్తాడు.

"సార్, సీటు లేదు సార్!" అన్నాడు జానయ్య.

"నా సీటుందిగా!"

"ఆగున్రి, నేను గూడ ఒస్త. మనిషిని కండ్లతోటి సూసినట్లయితది" అని జానయ్య టేపు సర్దుకుని వెనక సీట్లో ఎక్కాడు. ఆ విధంగా పట్టాభి మళ్లీ డ్రైవరయ్యాడు. వెనక కూర్చునే మనిషి మారాడు, అంతే తేడా.

కర్మన్‌ఘాట్ నుంచి చంపాపేట్ ఎంతో దూరం లేదు గాని, ఆ కాస్త దూరంలోనే పట్టాభి మనసు ముప్పై మూడేళ్లు తిరిగొచ్చింది. పక్కకి చూస్తే సీటుండాల్సిన చోట నేలమీద నాలుగు బోల్టు రంధ్రాలు, దుమ్ము, ఎప్పుడో జారిపడి ఎండిపోయిన బత్తాయి తొక్క ఒకటి. ఆ తొక్క చూడగానే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఈసారి సొల్యూషన్ డబ్బా దగ్గర్లో లేదు. ఎనిమిది నెలలు వెనక కూర్చుంటే వెనకే కూర్చోనిచ్చాను, సీటు బాగయ్యాక పిలుద్దామనుకున్నాను, ఇక పిలిచే అవకాశమే లేకపోతే ఎలా అనుకున్నాడు. చౌరస్తాలో పచ్చ లైటు పడింది. కదలలేదు.

"సార్, పచ్చ పడ్డది, పోనియ్యున్రి" అన్నాడు వెనక నుంచి జానయ్య.

గుడిలో గోవిందనామాలు హోరెత్తుతున్నాయి. పట్టాభి చెప్పులు విడిచి మంటపంలోకి వెళ్లేసరికి, వేదవతి తక్కెడలో ఉంది. నేలకి రెండడుగుల ఎత్తున, గొలుసులు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, బుగ్గలమీద కన్నీళ్లతో. రెండో తట్టలో బెల్లం దిమ్మలు. చుట్టూ ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. పట్టాభికి మరో అనుమానం లేకుండా అర్థమైపోయింది. ఆవిడకి ఏదో పెద్ద జబ్బు. తనకి చెప్పకుండా దాచి, ఒక్కతే మొక్కు తీర్చుకుంటోంది.

"వేదా! నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. గోవిందనామాలు ఆగిపోయాయి.

వేదవతి కళ్లు తెరిచింది. "మీరెందుకు చెప్పలేదు?"

"నేనేం చెప్పాలి? దాచింది నువ్వయితే!"

"నేను దాచానా? రిపోర్టులు చూసుకుని, ఒక్కరే కుమిలిపోతూ, నాకు తెలియకుండా మొక్కుకుంది ఎవరండీ?"

"నేనెక్కడ మొక్కుకున్నాను?"

"మరి బరువెందుకడిగారు?"

పట్టాభి నోరు తెరిచి, గుట్టు గుర్తొచ్చి, మూశాడు. ఆ మౌనం చూసి శేషారత్నం అందరివైపూ తిరిగి, చూశారా అన్నట్టు తల పంకించింది. వేదవతి వెక్కి వెక్కి ఏడ్చింది. తక్కెడ ఊగింది. ఆ ఊపుకి జానయ్య గుంపులోంచి ముందుకొచ్చి, తక్కెడ ముల్లు వంకా, వేదవతి వీపు వంకా, పనివాడి కళ్లతో ఒక్కసారి చూసి, అండాలమ్మని అడిగాడు.

"ఎంతొచ్చిందమ్మా?"

"డెబ్బై నాలుగున్నర" అంది అండాలమ్మ ముక్కు తుడుచుకుంటూ.

జానయ్య చెవిమీద సుద్దముక్క తీసి అరచేతిలో రాసుకున్నాడు. "గదీ లెక్క! సార్, ఇగ పరేషాన్ లేదు. నలభై డెన్సిటీ ఫోమ్ సరిపోతది. కిందికెల్లి ఒక పొర గట్టిది, పైనకెల్లి రెండంగుళాలు మెత్తది. అమ్మ పదేండ్లు కూసున్నా కుంగది."

ఆడవాళ్లు కొంగులు దించి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఎవరీయన?" అంది శేషారత్నం.

"సీట్లు కుడ్తనమ్మా. సారు కారుది ముంగటి సీటు, అమ్మ కూసుండేది, పొద్దుగాల నుంచి నా దుకాణంల విప్పి పెట్టిన. బర్వు చెప్పున్రంటే సారు గోడంత పాడు జేసిండు గని బర్వు చెప్పకపాయె. గందుకే ఫోన్ కొట్టిపిచ్చిన."

ఇరవై ఇద్దరు ఆడవాళ్లు ఒక్కసారి పట్టాభి వైపు తిరిగారు. ఇంటరు పిల్లలు రెండొందల మంది ముందు జంకకుండా నిలబడేవాడికి అప్పుడు ఎక్కడ చూడాలో తోచలేదు.

"మరి రిపోర్టులు?" అంది వేదవతి తక్కెడలోంచి.

"అంతా బాగానే ఉందిట. గురువారమే వచ్చాయి. చెప్పడం మర్చిపోయాను. కవరు... ఎక్కడో పెట్టాను."

"సీటు కింద దొరికింది సార్, విప్పంగనే" అని జానయ్య జేబులోంచి మడత పడిన కవరు తీశాడు. "మీరు అడుగలే, నేను ఇయ్యలే."

శేషారత్నం కవరు లాక్కుని, కళ్లజోడు సవరించుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు పైనుంచి కిందకి చదివింది. అన్నీ మామూలే. కళ్లు తిరగడానికి కారణం వేళకి తినకపోవడమని డాక్టరు చీటీలో ఉంది. చీటీ మూలన బరువు కూడా ఉంది. డెబ్బై నాలుగున్నర.

"చూసిన్రా! నా దుకాణంల తూకం ఎన్నడు తప్పది" అంది అండాలమ్మ. ఆ రోజంతటిలో పూర్తిగా సంతోషించింది ఆవిడొక్కతే.

వేదవతి దిగబోయింది. "అమ్మా, కదలకండి!" అని పూజారిగారు రెండు చేతులూ ఎత్తారు. "మీరు దిగితే బెల్లం అంతా కింద పడుతుంది. ఎవరు మొక్కినా మొక్కకపోయినా స్వామి ముందు తూకం వేశాక స్వామిదే. హారతి అయ్యేదాకా అలాగే ఉండండి." ఆయన కర్పూరం వెతుక్కుంటూ లోపలికి వెళ్లారు. ఆడవాళ్లు మర్యాదకి నాలుగడుగులు వెనక్కి జరిగారు. వినపడనంత దూరం మాత్రం ఎవరూ జరగలేదు.

తక్కెడలో వేదవతి మొహం పట్టాభి మొహానికి సరిగ్గా ఎదురుగా ఉంది. అద్దంలో కాకుండా ఆ మొహాన్ని ఇంత దగ్గరగా చూసి చాలా రోజులైందని అతనికి అనిపించింది.

"నీ సీటు బాగు చేయించి, ఒంటిగంటకి తలుపు తీసి చూపిద్దామనుకున్నాను. నువ్వు వచ్చి పక్కన కూర్చుంటావని" అన్నాడు.

"నేను సీటు చిరిగిందని వెనక కూర్చున్నాననుకున్నారా?"

"మరి?"

"ఆ రోజు మీరేమన్నారో గుర్తుందా?"

పట్టాభి అడ్డంగా తల ఊపాడు.

"నా చీర మూరెడు చిరిగింది. వీధిలో జనం. నేను కొంగు చుట్టుకుని నిలబడితే, మీరు గబగబా దిగొచ్చి, వంగి సీటు తడిమి, 'అయ్యయ్యో, ఇంకా చిరిగిందే' అన్నారు. చీరని చూడలేదు, నన్నూ చూడలేదు. సరే, ఆ సీటుతోనే ఉండండి అని వెనక్కెళ్లాను. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు అనుకున్నాను. ముందుకు రా వేదా అంటారని చూశాను. ఎనిమిది నెలలండీ! ఒక్కసారి అన్నారా?"

"సీటు అలా చిరిగి ఉంటే ఏ మొహంతో పిలవను?"

"పిలిస్తే దుప్పటి పరుచుకుని కూర్చునేదాన్ని" అంది వేదవతి. "వెనక కూర్చుంటే మీరేం చెబుతున్నారో సగం వినబడదు. బత్తాయిలు కొనడం కూడా మానేశాను. ఒక్కదాన్నే ఏం తింటాను?"

లెక్కల్లో తప్పు ఏ మెట్టు దగ్గర వచ్చిందో పిల్లలకి ఇట్టే చూపించే మనిషికి, తన తప్పు మొదటి మెట్టులోనే ఉందని తెలుసుకోడానికి ఎనిమిది నెలలు పట్టింది. పట్టాభి చెయ్యి చాపి, గొలుసు పట్టుకున్న ఆవిడ చేతిమీద వేశాడు. హారతి వచ్చింది. నలుగురు కలిసి బెల్లం దించాక వేదవతి నేలమీద అడుగుపెట్టింది.

కారు దగ్గరికి వచ్చారు. పట్టాభి ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. పథకంలో ఉన్నది అదొక్కటే జరిగింది, అది కూడా సగమే.

"ముందుకు రా వేదా" అన్నాడు.

వేదవతి లోపలికి చూసింది. నాలుగు బోల్టు రంధ్రాలు, బత్తాయి తొక్క. "ఎక్కడ కూర్చోమంటారు?" అంది.

"పొద్దంత గిక్కడనే పాయె, రేపు దుకాణం బంద్, సోమవారం దాక ఓపిక పట్టాలె అమ్మా. గియ్యాలటికి వెనుకనే కూసోన్రి" అన్నాడు జానయ్య.

"ఎనిమిది నెలలకి పిలిస్తే వెనక కూర్చోనా?" అంది వేదవతి. అండాలమ్మ దుకాణంలోంచి పీట తెచ్చింది. దానిమీద బెల్లం వచ్చిన గోనెసంచి నాలుగు మడతలు వేసింది. వేదవతి చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, తల వంచి, ముందు కాలు పెట్టి, పీటమీద కూర్చుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంది. ఆవిడ కళ్లూ, బొట్టూ, పాపిడీ మాత్రమే డాష్‌బోర్డు పైకి వచ్చాయి. శేషారత్నం ఇది క్షేమం కాదని చెప్పబోయి, ఇద్దరి మొహాలూ చూసి, జీవితంలో మొదటిసారి చెప్పడం మానుకుంది.

జానయ్యనీ, అతని ఒళ్లో ప్రసాదం బెల్లం దిమ్మనీ కర్మన్‌ఘాట్‌లో దించాలి. దిమ్మలో ఒక పెళ్ల విరిచి వేదవతికిచ్చి అతను దిగిపోయాడు. అక్కణ్ణించి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటికి దగ్గరి దారి ఉంది. పట్టాభి ఆ దారి వదిలేసి, సాగర్ రోడ్డెక్కి, ఎల్బీ నగర్ వైపు తిప్పాడు.

"ఇటెందుకండీ? చుట్టు కదా" అంది వేదవతి కింద నుంచి.

"ఇటు సిగ్నళ్లెక్కువ."

వేదవతి ఇంకేం అడగలేదు. కారు ఎడ్లబండి కన్నా కాస్త వేగంగా నడుస్తోంది. బస్సు అడ్డం వస్తే ఆవిడ లేని బ్రేకుని తొక్కింది. ఈసారి ఎదురుగా ఏమీ లేక కాలు నేలమీద జారి, పీటతో సహా కదిలి, ఇద్దరూ నవ్వారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఎర్ర లైటు పడింది. పట్టాభి అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాపాడు. చాపాక గాని ఎనిమిది నెలలుగా ఆ చెయ్యి చాపలేదని గుర్తురాలేదు. వేదవతి పంటితో కొరికి చిన్న బెల్లం ముక్క విడదీసి ఆ అరచేతిలో పెట్టింది.

"పచ్చ పడింది, పోనివ్వండి" అంది కొంచెంసేపటికి. అంత కింద నుంచి ఆవిడకి లైటు ఎలా కనబడిందో పట్టాభికి ఇప్పటికీ తెలియదు.

జానయ్య చెప్పినట్టే సోమవారానికి సీటు బిగించాడు. అసలు తోలు, అదే బిస్కట్ రంగు, కుట్టు ఎక్కడుందో వెతికినా కనబడదు. వేదవతి కూర్చుని, అటూ ఇటూ కదిలి, బాగుందని మెచ్చుకుంది. నాటినుంచీ ఆవిడ స్థానం అదే. అద్దం ఇప్పుడు వెనకొచ్చే బళ్లని చూపిస్తోంది.

పది రోజుల తర్వాత పట్టాభి ఫోన్‌కి చలాన్ వచ్చింది, ఎప్పటిలాగే ఫోటోతో సహా. ఎల్బీ నగర్ చౌరస్తా. పట్టాభి నోటినిండా బెల్లంతో నవ్వుతున్నాడు. పక్కన డాష్‌బోర్డు మీదుగా ఒక పాపిడి, ఒక బొట్టు, నవ్వుకి సగం మూసుకుపోయిన రెండు కళ్లు. వేదవతి కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో మాత్రం మీరు డ్రైవర్‌లా లేరండీ" అంది.

పట్టాభి ఆ సాయంత్రమే చలాన్ కట్టేసి, ఫోటో పెద్దది చేయించి, పటం కట్టించి హాల్లో తగిలించాడు. 'నేరం: ముందు సీటులో కూర్చున్నవారు బెల్టు పెట్టుకోలేదు' అని కింద ఉన్న వరస కూడా తీయించలేదు. జానయ్య మాత్రం ఇంటికొచ్చినప్పుడల్లా ఆ రాత తప్పని, ఆ రోజు ముందు సీటు తన దుకాణంలోనే ఉందని వాదిస్తూ ఉంటాడు.